అన్నం తగ్గించమని చెబితే సరిపోతుందా?

కాలేయానికి కొవ్వు పట్టిందని రిపోర్టు రాగానే డాక్టరు మొదలుకొని ఇంట్లోవాళ్ల దాకా అందరూ రోగి మీదే పడతారు. నోరు కట్టుకోలేవా, అన్నం తగ్గించలేవా, పొద్దున్నే లేచి నడవలేవా అని సాధిస్తారు. జన్మలో మందు ముట్టని ఆడవాళ్లను సైతం అనుమానంగా చూసే బంధువులున్నారు. ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. తిండి మారాలన్నది నిజమే. కానీ ఆ మారిన తిండి ఎక్కడ దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో చెప్పే నాథుడు లేడు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. వారిలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. 2025లో ఆ ఫలితాలు రాగానే పత్రికలు, టీవీలు హోరెత్తించాయి. మంచిదే. ఐటీ ఉద్యోగికి కనీసం జీతం ఉంది, కావాలనుకుంటే రేపటి నుంచే పళ్లెం మార్చుకోగలడు. అతని అపార్ట్‌మెంటులో గిన్నెలు తోమే ఆమెకు ఇదే జబ్బు వస్తే ఏం చేయాలి? ఆమె గురించి చర్చ పెట్టిన చానల్ ఒక్కటీ నాకు కనిపించలేదు.

చికిత్స సంగతి చూద్దాం. క్యూబాలో ఈ జబ్బు ముదిరి కాలేయానికి వాపు వచ్చిన 293 మందిని ఏడాది పాటు తిండి, వ్యాయామాల మీద నడిపించారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. బరువులో 10 శాతం, అంతకు మించి తగ్గినవాళ్లలో 90 శాతం మందికి ఆ వాపు జబ్బు పోయింది. 45 శాతం మందిలో కాలేయం మీది మచ్చలు సైతం వెనక్కి తగ్గాయి. ఇంత గొప్ప ఫలితం! అయితే అంత బరువు తగ్గగలిగింది పదిమందిలో ఒక్కరే. పక్కనే వైద్యులు ఉండి కనిపెట్టుకుంటేనే ఇలా ఉంది. చీటీ మీద ఒక ముక్క రాసిచ్చి ఇంటికి పంపితే ఎంతమంది తగ్గుతారు?

మందులూ వచ్చాయి. 2024 మార్చిలో అమెరికా రెస్మెటిరామ్‌ను అనుమతించింది. పెద్ద ప్రయోగంలో, ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలోనూ దాదాపు 30 శాతం మందికే వాపు జబ్బు నయమైంది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో అది 10 శాతంలోపే కాబట్టి తీసిపారేయాల్సిన మందు కాదు. కానీ అమెరికాలో ఏడాదికి దాని ధర 47,000 డాలర్ల పైమాటే. మన ఊళ్లో ఎవరికి అందుతుంది? దాని కోసం ఎదురుచూస్తూ కూర్చునే సమయం మనకు లేదు.

మళ్లీ పళ్లెం దగ్గరికే రావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు లేదా మాంసం, గుడ్లు. ధాన్యం మాత్రం 250 గ్రాములే. నలుగురున్న ఇంటికి లెక్కేయండి. రోజుకు కిలోన్నర పైగా కూరగాయలు. కిలో 40 రూపాయలకే దొరికాయనుకున్నా 64 రూపాయలు. పప్పు మీదనే ఆధారపడితే నెలకు పది కిలోలు. రేషన్ దుకాణంలో తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. అంటే పళ్లెంలో అన్నం వాటా సర్కారు మోస్తోంది, మిగిలినదంతా ఇంటి ఇల్లాలి కొంగుముడి మీద పడుతోంది. నెలాఖరుకు డబ్బులు అయిపోతే ఏది మిగులుతుంది? అన్నమే. కూర స్థానంలో పచ్చడి మెతుకులే.

మా వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి చూడండి. గుమ్మం మీద తోరణాల్లా అయిదు రూపాయల చిప్స్ పొట్లాల దండలు వేలాడుతుంటాయి. కందిపప్పు వంద గ్రాముల చొప్పున కట్టి పెడతాడు, అంతకంటే ఎక్కువ కొనేవాళ్లు తక్కువ కాబట్టి. కూరగాయల బండి తొమ్మిదింటికి వస్తుంది. ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు ఆరింటికే బయలుదేరతారు. తిరిగొచ్చే వేళకు బండి మీద వాడిపోయిన తోటకూర, మెత్తబడిన వంకాయలు మిగులుతాయి. రైతుబజారుకు పోవాలంటే బస్సెక్కాలి. ఇక కొర్రలు, అండుకొర్రలు సూపర్ మార్కెట్టు అరల్లో, సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు. తాతల కాలంలో పేదవాడి గింజ అది.

బియ్యం పథకాన్ని నేను తప్పుపట్టడం లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తే ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలిగిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అదే దారిలో జొన్న గటక, రాగి సంగటి పక్కకు జరిగాయన్నదీ వాస్తవం. అన్నంలో లాగే జొన్నలోనూ పిండిపదార్థమే ఉంటుంది, రొట్టెలు లెక్క లేకుండా తింటే అదీ కొవ్వుగానే చేరుతుంది. కాకపోతే పొట్టుతో తినే గింజలో పీచు ఉంటుంది, త్వరగా ఆకలి వేయదు. పప్పులు, ఆకుకూరలు తోడైతేనే పూర్తి ఫలితం.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం తీసి చదవండి. బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, చిరుధాన్యాలు రూపాయి అని అందులోనే ఉంది. కర్ణాటకలో రాగులు, జొన్నలు రేషన్‌లో ఇస్తున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మూడు దశాబ్దాల కిందటే ఊరి జొన్నలు ఊళ్లోనే సేకరించి, పేద ఇళ్లకు చవకగా పంచి చూపించాయి. పెద్ద చదువులు లేని దళిత రైతు మహిళలు నడిపిన పని అది. సచివాలయంలో కూర్చున్నవాళ్లకు చేతకాదంటే ఎలా నమ్మాలి?

నా డిమాండ్లు పెద్దవేమీ కాదు. రేషన్ బియ్యంలో కొంత వాటాకు బదులు, కావాలన్న ఇంటికి జొన్నలు లేదా రాగులు ఇవ్వాలి. నెలకు మనిషికి కిలో పప్పు కలపాలి. బస్తీల్లో సాయంత్రం ఆరు తర్వాత రైతుబజారు బండి తిరగాలి. దేశం మొత్తానికి వర్తించే అసాంక్రమిక వ్యాధుల (ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల) కార్యక్రమంలో 2021లోనే ఈ కాలేయ జబ్బును చేర్చారు కాబట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ చూసినట్టే దీన్నీ చూడాలి.

ఇప్పటికే రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసు, రక్తంలో కొలిచే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలు చాలు. కాలేయం గట్టిపడే ప్రమాదం ఎంత ఉందో అది తొలి అంచనా ఇస్తుంది. మామూలు రక్తపరీక్షలే, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరును ఆ లెక్క వేయమని అడగండి. తిండి సంగతి వచ్చినప్పుడు మీ నెల సంపాదన ఎంతో, మీ వీధిలో ఏం దొరుకుతుందో చెప్పి, దాన్ని బట్టే రాసివ్వమని అడగండి.