ఉగ్గాని బండి పక్కన తోలుబొమ్మ

చేతిపని వస్తువులు కొనేవాళ్ళు అనంతపురంలో లేరనే మాట ఇకమీద నా ముందు ఎవరూ అనవద్దు. ఆదివారం పొద్దున ఒక ఉగ్గాని (బొరుగులతో చేసే టిఫిను) బండి దగ్గర గంటన్నరసేపు నిలబడి కళ్ళారా చూశాను. కొనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు నడిచే దారిలో ఆ వస్తువులు లేవు, అంతే. ఎవరైనా తెచ్చి పెడితే ఉండనివ్వడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాలి కాబట్టి కొంచెం పెద్దదవుతుంది. ఓపికగా చదవండి.

మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి రెండు రోజుల కోసం వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. బస్సు దిగుతూనే, "అత్తా, ఈసారి టీవీ ముందు కూర్చోను. మీ ఊళ్ళో బజార్లన్నీ చూపించాలి" అంది. సరేనన్నాను.

శనివారం సాయంత్రం క్లాక్ టవర్ నుంచి పాతూరు వైపు నడిచాం. సీతాఫలాల కాలం కదా, పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు గంపలు దించుకుని రోడ్డు వారన కూర్చున్నారు. కళ్ళు విచ్చిన కాయ ఏదో, ఇంకో రెండు రోజులు బియ్యంలో పెట్టాల్సిన కాయ ఏదో ఒక పెద్దమ్మ మా పిల్ల చేతికిచ్చి, వేలితో నొక్కించి మరీ చెప్పింది. పిల్ల డజను కాయలు తనే ఏరింది, ఒక్కటీ తప్పు పోలేదు. అక్కడి నుంచి ఓళిగల అంగడి. పెనం మీద ఓళిగ తిరగేసినప్పుడు నేతి వాసనలో బెల్లం కలిసి లేస్తుందే, దానికి దారిన పోయేవాడు కూడా నిలబడతాడు. కొబ్బరిది ఒకటి, పప్పుది ఒకటి తిన్నాం. రాత్రి భోజనానికి జొన్నరొట్టెలు, ఊరిబిండి కట్టించుకున్నాం. ఒక మూల మేదరివాళ్ళ చాటలు, గంపలు ఉన్నాయి, ఇంకోచోట కుండలు. తిరిగి తిరిగి కాళ్ళు నొప్పి పుట్టాక ఇంటికి చేరాం.

అసలు సంగతి ఆదివారానిది.

మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక ఉగ్గాని బండి ఉంది. నడిపేది ఒక అక్క. ఆదివారం ఏడు గంటలకే బండి చుట్టూ జనం మూగుతారు. మా పిల్ల ఉగ్గాని తినడం కన్నా ఆమె చేతులు చూడడంలో ఎక్కువ మునిగిపోయింది. పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో బొరుగులు. రెండు చేతులతో ముంచి, చేతిలో బొరుగుల బరువు మారగానే పైకి తీసి పిండేస్తుంది. ఇంకాసేపు ఉంటే ముద్ద, ముందే తీస్తే పంటికి గట్టిగా తగులుతాయి. పక్కన బాణలిలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు మగ్గుతూ ఉంటాయి. పసుపు, టమాటా పడ్డాక పిండిన బొరుగులు అందులోకి వెళతాయి. ఆపైన పుట్నాల పొడి చల్లుతుంది. ఆ పొడి పడకముందు అది తాలింపు వేసిన బొరుగులు, పడ్డాక ఉగ్గాని. నిమ్మకాయ పిండి, కొత్తిమీర వేసి, రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి చేతికిస్తుంది.

మేము తింటుండగా ఒక పెద్దాయన భుజాన పొడుగాటి మూటతో వచ్చాడు. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట మనిషి. మొదటి బస్సుకు వచ్చానన్నాడు. బండి అక్కను అడిగి వేపకొమ్మకూ బండి కర్రకూ మధ్య ఒక తాడు కట్టి, మూట విప్పాడు. నాలుగు ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే నెమళ్ళు, పుస్తకంలో పెట్టుకునే చిన్న బొమ్మలు కొన్ని, రెండడుగుల హనుమంతుడు ఒకటి. అన్నీ మేకతోలువే. హనుమంతుణ్ణి తాడుకు తగిలించేసరికి వెనకనుంచి ఎండ తగిలింది. అప్పుడు చూడాలి! తోలులో ఎరుపు, పచ్చ రంగులు దీపం పెట్టినట్టు వెలిగాయి. బొమ్మలో కొట్టిన సన్నటి చిల్లులన్నీ చుక్కలు చుక్కలుగా నేల మీద పడ్డాయి. మా పిల్ల ప్లేటు పక్కన పెట్టి, అరచెయ్యి చాపి ఆ వెలుగును పట్టుకుంది.

"అత్తా, నా చేతి మీద హనుమంతుడి దండ!"

ఇన్ని చిల్లులు ఎందుకు కొడతారని ఆయన్ను అడిగింది. ఆయన కూర్చుని ఓపికగా చెప్పాడు: "చిల్లులు లేకపోతే బొమ్మకు నగలుండవు పాపా. రంగు వేస్తే బట్ట అవుతుంది. నగ మెరవాలంటే వెనక దీపం ఉండాలి, ముందు చిల్లు ఉండాలి." జేబులోంచి చిన్న ఉలి తీసి చూపించాడు. ఒక్కో రకం చిల్లుకు ఒక్కో మూతి ఉన్న ఉలి. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే వెలుగు దూరేంత పలచగా తయారవుతుంది. దాని మీద గీత గీసి, చెక్క మీద పరిచి, ఒక్కో చిల్లూ చేత్తో కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. చెయ్యి, మెడ, నడుము విడివిడిగా చేసి దారంతో కలిపితే ఆడే బొమ్మ. ఆయన వాళ్ళ నాన్న రోజుల్లో మనిషంత ఎత్తు బొమ్మలతో తెల్లవార్లూ రామాయణం ఆడేవాళ్ళట. ఇప్పుడు ఆటకు పిలిచేవాళ్ళు తక్కువ, ల్యాంప్ షేడ్లే ఎక్కువ.

ఆ గంటన్నరలో నేను లెక్క పెట్టాను. బొమ్మల దగ్గర ఆగినవాళ్ళు పంతొమ్మిది మంది. కొన్నవాళ్ళు ఏడుగురు. గృహప్రవేశానికి ఇవ్వాలని ఒక జంట రెండు ల్యాంప్ షేడ్లు తీసుకున్నారు. ఒక ఆటో డ్రైవరు కూతురి కోసం నెమలి కొన్నాడు. ఇంకొకాయన హనుమంతుణ్ణి బేరమాడి, డబ్బు తెస్తానని ఇంటికి వెళ్ళాడు. వీళ్ళలో ఒక్కరు కూడా బొమ్మ కొందామని ఇల్లు కదలలేదు. ఉగ్గాని తిందామని వచ్చారు. ప్లేటు చేతిలో ఉన్న మనిషి అయిదు నిమిషాలు ఎక్కడికీ పోడు, చూపు మాత్రం చుట్టూ తిరుగుతుంది. ఆ చూపు పడే చోట బొమ్మ ఉంది. నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే.

ఎనిమిదిన్నరకు మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకాయన వచ్చాడు. ఉగ్గాని బండిని ఏమీ అనలేదు. పెద్దాయనను మాత్రం తాడు విప్పమన్నాడు. "తినేవాటికంటే సరే, ఇవి రోడ్డు మీద ఎందుకు? ఎగ్జిబిషన్ పెడతారు కదా, అప్పుడు రా." నేను అడ్డుపడ్డాను. బండి అక్క కూడా "నా చోటులోనే కదా సార్ పెట్టుకున్నాడు" అంది. ఆయన వినలేదు. పెద్దాయన ఎదురు మాట్లాడకుండా బొమ్మ మీద గుడ్డ, గుడ్డ మీద బొమ్మ పేర్చి, రంగు రాసుకోకుండా చుట్టి మూట కట్టుకున్నాడు. మా పిల్ల గుడ్డలు అందించింది. డబ్బు తెస్తానన్న మనిషి తిరిగి వచ్చేసరికి తాడు కూడా లేదు.

ఇంటికి వచ్చాక కూర్చుని చట్టం చదివాను. వీధి విక్రయదారుల చట్టం 2014లో వచ్చింది. అందులో విక్రయదారు అంటే తిండి అమ్మేవాళ్ళు మాత్రమే కాదు. వస్తువులు, సరుకులు, తినుబండారాలు ఏవి అమ్మినా, సేవలు అందించినా ఆ మాట కిందికే వస్తారు. ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధిలో అమ్ముకునేవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. విక్రయ ధ్రువపత్రం ఉన్నవాళ్ళను వాళ్ళ చోటు నుంచి తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎంతోకాలంగా కలుసుకుంటూ వచ్చిన చోటును సహజ మార్కెట్ అని గుర్తించమని కూడా అందులో రాసి ఉంది. బొమ్మకు రోడ్డు మీద చోటు లేదని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఈ సంగతులు ఆ పొద్దున నా నోటి చివర ఉండి ఉంటే ఎంత బాగుండేదో! పిల్లలకు పాఠాలు చెప్పే నేను ఈ చట్టం ఇన్నేళ్ళూ ఎందుకు చదవలేదని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చేతిపనివాళ్ళకు మనం ఇచ్చే గౌరవం తక్కువేమీ కాదు, కాగితం మీద. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రోజు అందరం గర్వపడ్డాం, నేనూ మా బడి పిల్లలకు ఆయన గురించి చెప్పాను. కానీ ఆ ఊరి మనిషి ఆదివారం పూట మన ఊళ్ళో ఒక తాడు కట్టుకోవడానికి చోటు లేదు. ఇంకో మాట కూడా నా చెవిన పడింది. 2022లో జిల్లాలు విడిపోయాక ధర్మవరం, నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి కాబట్టి అక్కడివి మన జిల్లా వస్తువులు కావట. ఈ మాట అన్నవాళ్ళ ఇంటి బీరువాలో ఎన్ని ధర్మవరం చీరలు ఉన్నాయో ఒకసారి తలుపు తీసి చూసుకోమనండి.

చేతిపనులకు చోటు అనగానే పెద్దలకు తట్టేది ఒకటే. ఊరి బయట స్థలం, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర టికెట్టు, లోపల వరసగా దుకాణాలు. లేదా ఏడాదికోసారి పది రోజుల ఎగ్జిబిషన్. అక్కడికి వెళ్ళేవాళ్ళు కొనాలని ముందే అనుకుని వెళతారు. అలాంటివాళ్ళు ఏ ఊళ్ళోనైనా కొద్దిమందే. మిగతా రోజుల్లో ఆ దుకాణాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. కొన్నాళ్ళకు తాళాలు పడతాయి. అప్పుడు కళలకు ఆదరణ లేదని సభల్లో బాధపడతాం.

పాతకాలంలో తిండీ చేతిపనీ ఎన్నడూ విడిగా లేవు. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడుతుంటే తెర ముందు జనం, జనం వెనక ఉడికించిన శనక్కాయల గంపలు ఉండేవని చెప్పేది. బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి వచ్చినప్పుడల్లా నవ్వులు, ఆ నవ్వుల మధ్య కాయలు ఒలిచే చప్పుడు. వారపు సంతలో కంబళ్ళ పక్కనే బొరుగుల మూట, గంపల పక్కనే బెల్లం దిమ్మలు. హంపిలో ఒక బజారు పేరే పాన్ సుపారీ బజారు. తినడానికి వచ్చినవాడే కొనేవాడని విజయనగరం నాటికే మనవాళ్ళకు తెలుసు.

ఇప్పటి సంగతి కావాలంటే మా పిల్ల ఊరే ఉంది. బెంగళూరులో ఏటా జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డులో వాహనాలు ఆపి, కర్ణాటక చిత్రకళా పరిషత్తువాళ్ళు చిత్రసంతె పెడతారు. చిత్రకారులు బొమ్మలు పట్టుకుని రోడ్డు మీదే కూర్చుంటారు. మేనకోడలు రెండుసార్లు వెళ్ళింది. "అక్కడ నాన్న చాట్ తింటూ తింటూ బొమ్మ కొన్నాడు అత్తా" అంది. అంత పెద్ద నగరంలో ఒక రోడ్డును ఒక పూట మనుషులకు వదిలిపెట్టగలిగితే, ఆదివారం పొద్దున సగం దుకాణాలు మూసి ఉండే మన ఊళ్ళో ఎందుకు కుదరదు?

ట్రాఫిక్ అంటారు. ఆదివారం ఆరు నుంచి పది వరకు క్లాక్ టవర్ చుట్టుపక్కల ఒకే ఒక్క వీధి అడుగుతున్నాను. నూనె, పసుపు బొమ్మల మీద చిందుతాయంటారు. అది నిజమే, బండికీ బొమ్మకూ మధ్య పదడుగులు ఉంటే చాలు. చెత్త అంటారు. ఉగ్గాని అక్క రోజూ బండి తీసేముందు తన చోటు ఊడ్చే వెళుతుంది, నేను చూస్తూనే ఉన్నాను. రెండు డబ్బాలు పెట్టి, ఒక నీళ్ళ ట్యాంకు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. పొద్దున్నే పల్లె నుంచి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునే మనిషికి ఈ రెండూ లేకపోతే మిగతా ఏర్పాట్లు ఎన్ని ఉన్నా రావడం కుదరదు. ఈ మాట ఆడవాళ్ళు చెబితే తప్ప ఎవరికీ తట్టదు కాబట్టి గట్టిగా రాస్తున్నాను.

ధర్మవరం పట్టుచీరను దుమ్ములో పరిచి అమ్మమని నేను అనను. కానీ ఆ మగ్గం మీదే నేసిన జాకెట్టు గుడ్డలు, చిన్నపిల్లల పావడాలు ఉంటాయి. కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళ్ళు ఉన్నాయి. మేదరి పని ఉంది, కుమ్మరి పని ఉంది. వీటికి అద్దాల దుకాణం అక్కరలేదు. ఓళిగలు, జొన్నరొట్టెలు, సీతాఫలాలు అమ్మేవాళ్ళ మధ్య జానెడు నేల చాలు. వానల్లేని జిల్లా ఇది. వేరుశనగ చేతికి రాని ఏడాది ఎన్ని కుటుంబాలు ఊరు విడిచి మీ బెంగళూరుకే వెళతాయో మా తమ్ముడికి చెబుతూనే ఉంటాను. చేతిలో పని ఉన్న మనిషి కూడా ఆ బస్సే ఎక్కాలా?

పెద్దాయన ఫోను నంబరు తీసుకున్నాను. ఆదివారం సాయంత్రమే మాట్లాడాను. మళ్ళీ వస్తారా అంటే, "రమ్మంటే వస్తానమ్మా, మళ్ళీ మూట కట్టించరు కదా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన దగ్గర కొన్న ల్యాంప్ షేడ్‌ను మా హాల్లో వెలిగించాం. పైకప్పు నిండా చుక్కలే. పిల్ల వాటి కింద చాప వేసుకుని పడుకుంది.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాను. అడిగేవి మూడే. పట్టణ విక్రయ కమిటీలో చేతిపనివాళ్ళకు చోటు. ఆదివారం నాలుగు గంటలు ఒక వీధి. అక్కడ నీళ్ళు, మరుగుదొడ్డి. అర్జీ తెలుగులో రాసి పెట్టాను, సంతకాల కోసం వెనక అయిదు తెల్లకాగితాలు కుట్టాను. ఈ ఆదివారం ఏడింటికి వేపచెట్టు కింద ఉగ్గాని బండి దగ్గరే ఉంటాను. అక్క అప్పుడే రెండు కిలోల బొరుగులు ఎక్కువ తెస్తానంది. పెన్ను నేను తెస్తాను, మీరు రండి.