కో పైలట్ నాన్నగారికి బోర్డులో సీటివ్వాలి

బెజవాడ డబ్బుకి వ్యాపారం నేర్పేంత సాహసం నేను చెయ్యను. చిట్టీలు, లారీ ఫైనాన్సు, ట్రావెల్స్ బస్సులు, హాస్టల్‌తో కూడిన ఇంటర్ కాలేజీలు... ఈ ఊరు చెయ్యి పెట్టని వ్యాపారం లేదు. అయినా నగర ప్రతిష్ఠ దృష్ట్యా ఒక లోటు ఎత్తిచూపక తప్పడం లేదు. మనకిప్పుడు సొంత ఎయిర్‌లైన్ లేదు.

ఒకప్పుడు ఉండేది. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ జెట్లతో మొదలైంది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2014 ఫిబ్రవరిలో బేగంపేట ఎయిర్ షోలో మరో 50 విమానాలకు ఆర్డరిచ్చింది. అప్పటికి ఎగురుతున్న వాటిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు సరిపోయేవి. ఆర్డరు విలువ లిస్టు ధరల ప్రకారం దాదాపు 300 కోట్ల డాలర్లు. 2017 ఫిబ్రవరి చివర్లో సర్వీసులు ఆగిపోయాయి. దాంతో మనవాళ్లు “విమానాల్లో డబ్బులు పోతాయి” అని తేల్చేసి మళ్లీ వెంచర్లు వేసుకోడంలో పడ్డారు. పోయేది ఎవరి డబ్బులన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు. లెక్కల్లో ఇంత పట్టున్న ఊరు ఇంత చిన్న విషయం ఎలా వదిలేసిందో నాకు అర్థం కాదు.

ఈ లోటు పూడ్చాలన్న సదుద్దేశంతో, గవర్నర్‌పేటలో మూడు తరాలుగా ఫైనాన్సు చేస్తున్న ఒక పెద్దాయన్ని కలిసి నా ప్రతిపాదన ముందుపెట్టాను. లో కాస్ట్ ఎయిర్‌లైన్. గన్నవరం కేంద్రంగా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “విమానం కొనడానికి ఎంతవుతుందండీ?” అన్నారు. అదే మరి. పెద్దవాళ్లకు కూడా ఈ వ్యాపారం మీద ఎంత అపోహ ఉందో చూడండి. విమానాలు ఎవరూ కొనరు. ఆర్డరిస్తారు. టోకున ఆర్డరిచ్చినందుకు మంచి రాయితీ వస్తుంది. విమానం చేతికొచ్చిన రోజే దాన్ని లీజు కంపెనీకి అమ్మేసి, అదే విమానాన్ని మళ్లీ నెలవారీ అద్దెకు తీసుకుంటారు. అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య తేడా ఆ ఏడాది లాభాల ఖాతాలో కనిపిస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అద్దె కట్టాలి, అదీ డాలర్లలో. ప్రయాణికులు మాత్రం రూపాయల్లో ఇస్తారు, వాళ్లని ఏమనగలం.

పెద్దాయన ఇంధనం సంగతడిగారు. మన దేశంలో ఎయిర్‌లైన్ ఖర్చులో అటూఇటుగా 40 శాతం ఇంధనానిదే. మన రాష్ట్రం విమాన ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి తగ్గించిందని సగర్వంగా చెప్పాను. “అయితే ఆయిల్ కంపెనీ అరువిస్తుందా?” అన్నారు. ఇస్తుంది, బాకీ పేరుకునేదాకా. పేరుకున్నాక రొక్కం కడితేనే ట్యాంకరు కదులుతుంది. కింగ్‌ఫిషర్ విషయంలో అదే జరిగింది.

“పోటీ?” అన్నారు. ఇండిగో ఒక్కటే 60 శాతానికి పైగా మార్కెట్ పట్టుకుని కూర్చుందని ఒప్పుకున్నాను. హైదరాబాదుకి వెళ్దామంటే గన్నవరానికి అరగంట ముప్పావుగంట, అక్కడ గంట ముందు చెక్ ఇన్, శంషాబాద్‌లో దిగాక ఊళ్లోకి ఇంకో గంట. వందేభారత్ ఎక్కినవాడు 2023 నుంచి నాలుగు గంటల పైచిలుకులో సికింద్రాబాద్‌లో ఉంటున్నాడు. పండక్కి ట్రావెల్స్ వాళ్లు టిక్కెట్లు పెంచే మూడు రోజులూ తప్ప ఈ రూటులో విమానం వైపు జనాన్ని తిప్పడం కష్టమే. నిజం చెప్పాలంటే వ్యాపార అవకాశాల అధ్యాయం ఇంతటితో అయిపోయింది. పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

అప్పుడు నేను అసలు విషయానికి వచ్చాను. పైలట్లు.

ఈ వ్యాపారంలో ప్రతి ఒక్కరూ తాకట్టు పెట్టించుకునే వస్తారు. లీజు కంపెనీ సంగతే చూడండి. 2023 మేలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ దివాలా పిటిషన్ వేసినప్పుడు, ఎవరూ ఏదీ వసూలు చేసుకోకూడదనే మారటోరియం వచ్చిపడి, లీజు కంపెనీల విమానాలు ఏడాది పాటు నేలమీదే ఇరుక్కుపోయాయి. లోకమంతా గగ్గోలు పెట్టింది. 2024 ఏప్రిల్లో లీజు కంపెనీలు వాటిని వెనక్కి తీసుకునేలా ఢిల్లీ హైకోర్టు వాటి రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని ఆదేశించింది. ఆ మరుసటి ఏడే పార్లమెంటు లీజు కంపెనీల హక్కుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. విమానం యజమానికి ఒక చట్టం వచ్చింది, చాలా సంతోషం. విమానం నడిపినవాడి బాకీ నెలల జీతాల కోసం చట్టం తెద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, వాళ్ల పనుల్లో వాళ్లున్నారు పాపం. దివాలా తీశాక పంపకాల్లో మామూలు ఉద్యోగుల జీతాలు తాకట్టున్న అప్పులవాళ్ల తర్వాతే. ఆ వరస వచ్చేసరికి గిన్నెలో మిగిలేదేమిటో నేను చెప్పనక్కర్లేదు.

2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగేనాటికి సిబ్బందికి ఏడు నెలల జీతాలు రావాలి. 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్ ఆగేనాటికి పైలట్ల జీతాలు నెలల తరబడి నిలిచిపోయి ఉన్నాయి. అయినా ఆగే రోజుదాకా విమానాలు ఎగిరాయి. అంటే జీతం రాని మనిషి రెండొందల మందిని వెనకేసుకుని, ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తుకు ఎక్కించి, మళ్లీ రన్‌వే మధ్యగీత మీద దించి ఇంటికెళ్లాడు. మన ఊళ్లో ట్రావెల్స్ డ్రైవరుని అడిగి చూడండి. బత్తా చేతిలో పడకుండా బెంజ్ సర్కిల్ దాటిస్తాడా? బండి పక్కకి పెట్టి, తాళం చెవి జేబులో వేసుకుని, టీ తాగడానికి వెళ్తాడు. తెల్లారేసరికి ఇంకో ట్రావెల్స్ బస్సు నడుపుతుంటాడు. అదే స్టీరింగు, అవే గేర్లు.

పైలట్‌కి ఆ సౌకర్యం లేదు. ఒక రకం విమానానికి టైప్ రేటింగ్, అంటే అది నడిపే అర్హత, తీసుకున్నవాడు ఇంకో రకం ఎక్కాలంటే మళ్లీ సిమ్యులేటరు, మళ్లీ లక్షలు. ఎయిర్ కోస్టా ఆగినప్పుడు ఆ ఎంబ్రాయర్ జెట్లు నడిపే ప్రయాణికుల ఎయిర్‌లైన్ దేశంలో మరోటి లేదు. చేతిలో రేటింగు ఉంది, దానికి సరిపడే విమానం మాత్రం లేదు. పైగా మానెయ్యాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కో పైలట్ ఆరు నెలల ముందు నోటీసివ్వాలి. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు ఆ గడువు పూర్తి చెయ్యకుండా వెళ్లిపోతే సంస్థ కోర్టుకెళ్లింది. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు మా లారీ రంగానికి ఎందుకు లేదని ఆటోనగర్‌లో ఓనర్లు కన్నీళ్లు పెట్టుకోవాలి.

“జీతాలు బాగా ఎక్కువంటారు కదా?” అన్నారు పెద్దాయన. ఎక్కువే. సీనియర్ కెప్టెన్‌కి నెలకి అయిదారు లక్షలు దాటుతుంది. కెప్టెన్ కావాలంటే 1,500 గంటలు ఎగిరి ఏటీపీఎల్ అనే పై లైసెన్సు తెచ్చుకోవాలి కాబట్టి వాళ్లు తక్కువ. కొత్త ఎయిర్‌లైన్ అనగానే పక్క కంపెనీ కెప్టెన్లకు ఎర వెయ్యక తప్పదు. అయితే ఆ ఎరలోనూ కిటుకుంది. జీతంలో కొంత స్థిరం, మిగతాది ఎగిరిన గంటల లెక్క. 2024లో విస్తారా ఎయిర్‌లైన్ నెలకి 70 గంటలకు లెక్కగట్టే స్థిర జీతాన్ని 40 గంటలకు దించే కొత్త ఒప్పందం తెచ్చినప్పుడు పైలట్లు ఒకరి తర్వాత ఒకరు సిక్ లీవు పెట్టారు, విమానాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది ఇంకో వింత. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 చెయ్యాలని, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించాలని నిబంధన అమల్లోకి వచ్చింది. దానికి సరిపడా పైలట్లు లేక 2025 డిసెంబరులో ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దయ్యాయి. దేశంలో అతి పెద్ద ఎయిర్‌లైన్ పైలట్ల నిద్ర మీద నడుస్తోందని అప్పుడు తెలిసింది. ప్రభుత్వం ఆ సంస్థకి నిబంధనలో తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది. పోటీ పెంచాలని విమానయాన శాఖ చూసే మన సిక్కోలు మంత్రిగారు శంఖ్ ఎయిర్, అల్ హింద్ ఎయిర్, ఫ్లైఎక్స్‌ప్రెస్ అనే కొత్త ఎయిర్‌లైన్ల వాళ్లతో సమావేశమయ్యారు. పైలట్లెక్కడివని ఎవరూ అడిగినట్టు లేదు.

కెప్టెన్లు లేరు సరే, కో పైలట్లు బోలెడు. ఇక్కడే మన జిల్లాల గొప్పతనం ఉంది. ఎంపీసీ చదివిన పిల్లలు మన దగ్గర దొరికినంత మంది ఎక్కడ దొరుకుతారు? పైలట్ కావాలంటే ఫిజిక్సు, మ్యాథ్స్, క్లాస్ వన్ మెడికల్ పరీక్ష, ఫ్లయింగ్ స్కూల్లో 200 గంటలు. వీటికి యాభై అరవై లక్షలు. ఆపైన టైప్ రేటింగుకి మరో పాతిక దాకా. పెద్ద సంస్థల క్యాడెట్ ప్రోగ్రాములైతే మొత్తం కోటి దాటుతుంది. ఆ కోటి ఎక్కడిది? తెనాలి వైపు మాగాణి, గుంటూరు పక్కన మిరప చేను, లేకపోతే రాజధాని వస్తుందని దాచుకున్న ప్లాటు. ఇంత పెట్టినా ఉద్యోగం ఖాయం కాదు. లైసెన్సు చేతిలో పెట్టుకుని ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు. వాళ్ల ఇళ్లలో చుట్టాలు “బాబు ఏ ఎయిర్‌లైన్స్?” అని అడిగినప్పుడు తండ్రి ముఖం చూడలేం. అలాంటి ఇంటికి మనం కాల్ లెటర్ పంపిస్తే జీతమెంతని అడుగుతారా? బాండ్ ఎన్నేళ్లకైనా సంతకం పెడతారు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఆ తండ్రి కడుతుంటాడు, కొడుకు మన విమానంలో కుడివైపు సీట్లో కూర్చుంటాడు.

అందుకే అంటున్నాను, స్టార్టప్ ఎయిర్‌లైన్లో మొట్టమొదటి ఇన్వెస్టరు కో పైలట్ నాన్న. లీజు కంపెనీ కన్నా ముందు, బ్యాంకు కన్నా ముందు డబ్బు పెట్టినవాడు. ప్రెస్‌మీట్‌లో ఆయనకి కుర్చీ ఉండదు, షేర్ సర్టిఫికెట్ ఉండదు. కనీసం బోర్డులో ఒక సీటైనా ఇవ్వడం న్యాయమని ప్రతిపాదించాను. సిటింగ్ ఫీజు బాకీ పెట్టుకోవచ్చు, ఆయనకి అలవాటే.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డైరీ తీసి కొత్త పేజీలో గీత గీశారు. పైలట్లు 50 మంది అనుకుందాం, తలా సగటున నాలుగు లక్షలు, నెలకు రెండు కోట్లు. “ఏడు నెలల దాకా ఊరుకున్నారన్నారు కదూ?” అన్నారు. అవునన్నాను. 14 కోట్లు అని రాసి కింద రెండు గీతలు గీశారు. వడ్డీ లేదు, తాకట్టు లేదు, హామీ సంతకం లేదు. చదివినవాళ్లు, గొడవ పెట్టుకోరు, టైముకి డ్యూటీకి వస్తారు.

“ఏవండీ,” అన్నారు పెన్ను మూత తిరగేసి పెడుతూ, “యాభై మందితోనే ఎందుకు మొదలుపెట్టడం?”