ఓవర్‌హెడ్ ట్యాంకు మీద కింగ్ కాంగ్

వేసవి సెలవుల్లో పిల్లలకు డాబా మీద ఒక మంచి పాత సినిమా వేసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పమని మా అసోసియేషన్ సెక్రటరీ గారు అడిగారు. నేను 'కింగ్ కాంగ్' అన్నాను. ఒక రాక్షస కోతి కథానాయికను చేతపట్టుకుని న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కే కథ అది. 1933 నాటి అసలు చిత్రాన్నీ, 2005లో పీటర్ జాక్సన్ తీసిన చిత్రాన్నీ వరుసగా చూపించి, పాతదే మేలని తేల్చేయాలని నా పట్టుదల. పాతది సుమారు 100 నిమిషాలు, కొత్తది 187 నిమిషాలు. రెండింటికీ కలిపి ఆయన మంజూరు చేసిన సమయం ఏడు నుంచి తొమ్మిది. తొమ్మిదింటికి నీళ్ళ మోటారు వేస్తారట. పైగా, "నలుపు తెలుపు ఇప్పుడెవరు చూస్తారు మాస్టారూ, ముందు రంగులది వేయండి" అని వారే తీర్పు ఇచ్చారు.

పాత చిత్రంలో ముప్పావు గంట గడిచేసరికి కోతి వచ్చేస్తుంది. కొత్తదానిలో గంట దాటినా రాదు. విశాఖ ఎంవీపీ కాలనీలోని మా డాబా మీద, సముద్రపు గాలికి పొట్ట ఉబ్బించుకుంటున్న దుప్పటి మీద, ఒక ఓడ మాత్రం వెళ్తూనే ఉంది. ఆ ఓడ సింగపూరు వెళ్తోందని కథానాయికకు అబద్ధం చెప్పి ఎక్కిస్తారు. నేను ఆ సంగతి పక్కవారికి అనువదించి చెప్పగా విన్న ఐదో అంతస్తు మామ్మగారు, అమ్మాయికి సింగపూరులోనే సంబంధం కుదురుతుందా అని రెండుసార్లు అడిగి, సమాధానం రాకపోవడంతో కిందికి వెళ్ళి పడుకున్నారు. పెద్దవాళ్ళలో సగంమంది ముంత మసాలా తినడానికి బీచ్ రోడ్డుకు తరలిపోయారు. కోతి రాకముందే ల్యాప్‌టాప్ ఆగిపోయింది.

పిల్లలు మాత్రం మిగిలారు. వాళ్ళకు కోతి కావాలి. కాబట్టి పాత చిత్రంలో కోతిని ఎలా కదిలించారో ప్రత్యక్షంగా చూపిస్తానని ప్రకటించి, ఒక చేతిలో బొమ్మను పట్టుకుని, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ట్యాంకు నిచ్చెన ఎక్కాను. నేను కాంగ్‌ను, ట్యాంకు ఎంపైర్ స్టేట్ భవనం, బొమ్మ నాయిక. నాలుగో అంతస్తు కుర్రవాడు తన తల్లి ఫోనులో ఒక్కొక్క ఫోటో తీస్తాడు. ఫోటోకూ ఫోటోకూ మధ్య నేను అంగుళం కదులుతాను. చివరికి అన్నీ కలిపి వేగంగా చూపితే నేను భవనం ఎక్కినట్లు కనబడాలి. పాత చిత్రంలో కోతిని కదిలించిన విల్లిస్ ఓబ్రియన్ చేసినదీ ఇదే. తెర మీద కొండంత కనబడే ఆ కోతి నిజానికి లోహపు కీళ్ళ మీద కుందేలు బొచ్చు తొడిగిన అడుగున్నర బొమ్మ. సెకనుకు 24 చిత్రాల చొప్పున దానిని చేతితో జరుపుతూ తీశారు. బొమ్మను పట్టుకుని జరిపినప్పుడల్లా వేళ్ళు తగిలి బొచ్చు చెదిరేది, అందుకే తెర మీద కాంగ్ ఒళ్ళు ఎప్పుడూ జలదరిస్తూనే ఉంటుంది. 2005 కాంగ్ బొచ్చును కంప్యూటరు ఎంత చక్కగా దువ్వినా, ఆ జలదరింపు రాలేదని నా అభిప్రాయం. ఈ మాటలన్నీ నిచ్చెన మీద నుంచే చెప్పాను.

కుడి చెయ్యి విమానాన్ని కొట్టడానికి ఆకాశంలోకి లేచింది, ఎడమ చేతిలో బొమ్మ, ఒంటి కాలు మెట్టు మీద, రెండోది గాలిలో. సరిగ్గా అప్పుడు దర్శకుడు కేక పెట్టాడు.

"తాతగారూ, కదలకండి! స్టోరేజ్ నిండిపోయింది. కొన్ని ఫోటోలు తీసేస్తాను."

కదిలితే వరుస చెడిపోతుందని వాడికి నేర్పినది నేనే కాబట్టి కదలలేదు. వాడు తల్లిని పిలిచాడు. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే పరిశీలన మొదలుపెట్టారు. గుడ్ మార్నింగ్ పువ్వులు తీసేయవచ్చు. అన్నవరం వ్రతం ఫోటోలు తీయకూడదు. పెళ్ళి ఫోటోల్లో పెదమామయ్య కళ్ళు మూసుకున్నవి తీసేయవచ్చు, అయితే ఆయన కళ్ళు తెరిచినవి ఏవో ముందు వెతకాలి. వెతికారు. నా పిక్క వణకడం మొదలైంది. ఈ లోపల, పిల్లలు విసుగు చెందకూడదని, 1976లో వచ్చిన మరొక కాంగ్ గురించి కూడా చెప్పాను: దానిలో ఎంపైర్ స్టేట్ భవనాన్ని వదిలి వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఎక్కించారనీ, 40 అడుగుల యంత్రపు కోతిని బోలెడు ఖర్చు పెట్టి తయారు చేయించి తెర మీద కొద్ది క్షణాలు మాత్రమే చూపించగలిగారనీ, మిగిలినదానిలో చాలా భాగం కోతి తొడుగులో దూరిన రిక్ బేకర్ అనే మనిషి నెట్టుకొచ్చాడనీ వివరించాను. 2005లో కాంగ్‌కు కదలికలూ హావభావాలూ ఇచ్చిన ఆండీ సెర్కిస్ అదే చిత్రంలో ఓడ వంటవాడుగా కూడా కనిపిస్తాడు. ఆయనకు వంటగదిలోకి వెళ్ళే వీలైనా ఉండేది. అసలు చిత్రం తీసిన కూపర్, షోడ్‌సాక్ ఇద్దరూ చివర కాంగ్‌ను కాల్చే విమానంలో తామే కూర్చున్నారని చెప్పబోతుండగా తొమ్మిది గంటలయింది.

మా మోటారు ట్యాంకులో నీళ్ళున్నాయో లేవో చూసి తిరగదు. సెక్రటరీ గారి గడియారం చూసి తిరుగుతుంది. నిండగానే దానంతట అదే ఆగే స్విచ్ పెట్టించమని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతిసారీ వచ్చే నెల చూద్దామంటారు. ఆ సాయంత్రం కార్పొరేషన్ నీళ్ళు వచ్చి ట్యాంకు అంతకుముందే నిండుగా ఉంది. పొంగిన నీళ్ళు పోయే గొట్టాన్ని ఏ మహానుభావుడు పెట్టాడో గాని, సరిగ్గా నిచ్చెన నెత్తిన పెట్టాడు.

ముందు చెవి మీద ఒక చుక్క పడింది. పైకి చూశాను. ఆ తరువాత చూడడానికి వీలు కాలేదు. కళ్ళజోడు పోయింది, బొమ్మ పోయింది, రెండు చేతులతోనూ నిచ్చెనను కావలించుకుని, "మోటారు ఆపండి" అని ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. నోట్లోకి దూకుతున్న నీళ్ళలో ఆ మాటకు ఏ రూపం వచ్చిందో తెలియదు గాని, పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మళ్ళీ అరిచాను. ఈసారి ఈలలు కూడా వేశారు. పక్క భవనం బాల్కనీలో ఎవరో "దొంగ, దొంగ" అన్నారు. స్టోరేజ్ అప్పటికి ఖాళీ అయినట్లుంది, ఫ్లాష్ టపటపా వెలుగుతూనే ఉంది.

టార్చి లైటుతో పైకి వచ్చిన వాచ్‌మన్ నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "ఇంత రాత్రేళ ట్యాంకెక్కి తానమేటి బాబూ?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ ఫోటోలన్నీ వీడియోగా మారి మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. సినిమా మధ్యలో లేచి వెళ్ళినవారందరూ దీనిని మాత్రం చివరిదాకా చూశారు. రాత్రి వేసినదాని కంటే ఇదే బాగుందని, ఇందులో కోతి వెంటనే వస్తుందని రెండో అంతస్తు ఆయన రాశారు. దాని కిందనే సెక్రటరీ గారి నోటీసు ఉంది. ట్యాంకు నిచ్చెన ఎక్కడం నిషిద్ధమట. ట్యాంకు పొంగుతున్న సమయంలో సభ్యులొకరు స్వయంగా అక్కడే ఉండి కూడా మోటారు ఆపమని చెప్పనందున, వృథా అయిన నీటికి గాను 300 రూపాయలు వారి మెయింటెనెన్స్ బిల్లులో కలుపుతారట.

కట్టను.