బ్రూక్‌ల్యాండ్ గంటగోపురం గారికి ఒక కోడలి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గంటగోపురం గారికి,

నమస్కారాలండీ. పోయిన శనివారం మీ దగ్గరికి వచ్చాం, గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లండ్‌లో కెంట్ జిల్లా చివర ఆ రామ్నీ మార్ష్ అనే బురద నేలలో ఆ రోజు గొర్రెల కంటే మేమే ఎక్కువ గోల చేశాం. నేను, మా ఆయన, విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు. యాపిల్‌డోర్ స్టేషన్‌లో దిగి టాక్సీ కోసం చలిలో నిలబడి, ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి నాలుగుసార్లు విని, మొత్తానికి సెయింట్ అగస్టీన్ చర్చి గేటు తీస్తే ఎదురుగా మీరు. చర్చి పైన కాదు, పక్కన. నేల మీద. మూడు నల్ల గొడుగులు సగం ముడిచి ఒకదాని మీద ఒకటి దిగేసినట్టు, ఒళ్ళంతా చెక్క పెంకులతో.

మా అత్తగారు ఒక్క నిమిషం చూసి "ఏంటమ్మాయ్, గోపురం కింద పెట్టారు, ఇంకా పైకి ఎక్కించలేదా?" అన్నారు. 13వ శతాబ్దం నుంచి కిందే ఉందత్తయ్యా అంటే, "అయితే కాంట్రాక్టరు పారిపోయుంటాడు" అని తేల్చేశారు.

ఆవిడని తప్పు పట్టలేనండీ. మాకు బాగా తెలిసిన చర్చి గోపురం అంటే మెదక్‌ది, 173 అడుగులు, కట్టడంలో కలిసిపోయి ఆకాశంలోకి లేచి ఉంటుంది. మీలాగా ఇంటి ముందు అలిగి కూర్చున్న గోపురాన్ని మేం చూడలేదు. హెరిఫర్డ్‌షైర్‌లో పెంబ్రిడ్జ్ అనే ఊళ్ళో మీ చుట్టం ఒకాయన కూడా ఇలాగే చర్చికి దూరంగా నిలబడి ఉంటాడట, అంటే ఇది మీ వంశంలోనే ఉందన్నమాట.

సరే, అసలు సంగతికొస్తా. పోర్చ్ దగ్గర ఒక పెద్దాయన, మాలాగే చూడ్డానికి వచ్చినాయనే, మమ్మల్ని ఆపి మీ కథ చెప్పాడు. ఒకప్పుడు మీరు చర్చి నెత్తినే ఉండేవారట, ఒకరోజు ఈ ఊళ్ళో నిజంగా కన్యగా ఉన్న అమ్మాయి పెళ్ళికూతురై వచ్చేసరికి ఆ ఆశ్చర్యం తట్టుకోలేక కిందికి దూకేశారట. చెప్పి నా వైపు చూసి కన్ను గీటాడు. మా ఆయన పగలబడి నవ్వాడు. ముదురు బ్రహ్మచారి పెళ్ళికొడుకై వచ్చాడని ఇంకో రకంగా కూడా చెప్తారట గానీ ఆ రకం మాకు చెప్పలేదు లెండి, ఎందుకు చెప్తారు.

నేను మాత్రం మీ కింద నేలని చూశా. తడి. చుట్టూ కాలవలు, సముద్రం దగ్గర్నుంచి లాక్కున్న బురద నేల, అటుపోటు మట్టానికి దిగువన ఉన్న ఊరు. లోపలికెళ్తే చర్చి స్తంభాలే బయటికి ఒరిగి ఉన్నాయి, వాటి పక్కన నిలబడి ఫోటో తీస్తే నా ఫోనే వంకరగా పట్టుకున్నానేమో అనిపించింది. దాని మీద ఇంకో గోపురం కూడా పెడితే, అందులో గంటలు, అవి మా గుళ్ళో గంటలాగా ఉన్నచోటే ఉండి నాలుక లాగితే మోగేవి కూడా కాదు, గంట మొత్తం చక్రం మీద అటూ ఇటూ ఊగాలి, ఊగినప్పుడల్లా గోడని తంతుంది. ఆ నేల మోయలేదని వడ్రంగులకి తెలిసి మీకు విడిగా నాలుగు లావుపాటి కర్రస్తంభాలు నిలబెట్టి, అడ్డకర్రలు బిగించి, వేరు కాపురం పెట్టించారు. అంతే కదండీ జరిగింది? అందుకే ఇద్దరూ ఇప్పటికీ నిలబడి ఉన్నారు.

మరి నోరు విప్పి చెప్పరేం? గంటలున్నాయిగా!

నాకెందుకింత మంట అంటే, మేం కూడా వేరు పడ్డవాళ్ళమే. తెనాలిలో రెండు గదుల ఇల్లు, తొమ్మిది మంది, ఒకటే బాత్రూమ్, మా ఆయన ఉద్యోగమేమో గుంటూరులో. మోయలేని నేల. కానీ వీధిలో చెప్పుకున్నది ఏంటి, కోడలు వచ్చింది, కొడుకు దూకేశాడు.

లోపల ఇంకా చాలా ఉన్నాయి గానీ అన్నీ రాయను. సీసంతో చేసిన బాప్తిస్మం తొట్టి ఉంది, 12వ శతాబ్దానిది, పై వరుసలో రాశులు, కింద వరుసలో ఏ నెలలో ఏ పనో. అత్తగారు అక్కడ పావుగంట కదల్లేదు, చర్చిలో రాశి ఫలాలేంటే అని తన సింహరాశి వెతుక్కున్నారు. ఇంకోటి, పోలీసు చౌకీలాంటి చెక్క పెట్టె. వానలో ఎవర్నైనా పాతిపెడుతుంటే ఫాదర్ గారు తడవకుండా ఆయన్ని అందులో నిలబెట్టేవారట. శవం వాళ్ళు తడవొచ్చు, పర్లేదు. ఊరి పంటలో పదోవంతు చర్చి వాళ్ళు కొలిచి పుచ్చుకున్న తూకం రాళ్ళు కూడా దాచారు, వాటి మీద మాత్రం ఏ జోకూ లేదు, చూశారా.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అత్తగారికి బురద సంగతి, స్తంభాల సంగతి, గంట ఊపు సంగతి వివరంగా చెప్పా. చాలా శ్రద్ధగా విన్నారు, మధ్యలో "అవునా" అని కూడా అన్నారు. తర్వాత ఫోన్ తీసి మీ ఫోటో ఒకటి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, మైక్ బటన్ నొక్కి, రైలు పెట్టె అంతా వినపడేలా: "ఒదినా, ఇది చూడు, పెళ్ళికూతుర్ని చూసి దూకేసిన గోపురమంట!"

అష్‌ఫర్డ్ స్టేషన్ వచ్చేలోపు పదకొండు నవ్వు బొమ్మలు వచ్చాయి.

ఇట్లు,
మీలాగే పక్కన నిలబడ్డ
తెనాలి కోడలు