మా కాలనీ గేటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గేటు గారి దివ్యసముఖమునకు, హైదరాబాద్ శివారులో కొల్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన తమరి చల్లని నీడలో ఎనిమిదేళ్లుగా కాపురముంటున్న ఒక ఫ్లాటు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమ క్షేమానికి ఢోకా లేదని నాకు తెలుసు. మొన్ననే తమకు కొత్త రంగు వేయించి, మూడో కెమెరా బిగించి, మనిషి ముఖాన్ని పోల్చుకునే యంత్రాన్ని కూడా అమర్చి, ఆ ఖర్చంతా మా మెయింటెనెన్సులో కలిపారు.

ఈ సేవలు తమకు ఎప్పటి నుంచి పెరిగాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 2023 జూన్‌లో కొల్లూరులో 145 ఎకరాల్లో 117 బ్లాకులుగా పేదల కోసం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను ప్రభుత్వం ప్రారంభించిన రోజున, మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి "ఇక మన ఏరియా స్వరూపమే మారిపోతుంది, రేట్లు పడిపోతాయి" అని వాపోయారు. పది నిమిషాలు తిరగకముందే ఆయనే, "కొత్తగా వచ్చేవాళ్లలో వంట బాగా చేసే మనిషి ఎవరైనా ఉంటే నంబరు పెట్టగలరు" అని రాశారు. రెండు సందేశాలకూ నేను బొటనవేలు గుర్తు పెట్టాను. తమ దగ్గర దాపరికమెందుకు?

అలా వచ్చిన అక్కే ఇప్పుడు మా ఇంట్లో వంట చేస్తోంది. నగరం నడిబొడ్డున బస్తీలో ఒక్క గదిలో ఉండే ఆమెకు డ్రాలో 560 చదరపు అడుగుల ఇల్లు వచ్చింది. "ఇల్లు ఈడికొచ్చింది గని సార్, నేను పనిచేసే ఇండ్లు ఆడనే ఉండిపాయె" అన్నది మొదటి రోజే. పాత ఇళ్లన్నీ వదులుకుని మన కాలనీలో మూడిళ్లు పట్టుకున్నది. రోజూ లోపలికి వచ్చేటప్పుడు తమరు ఆమె ముఖం చూస్తారు, వెళ్లేటప్పుడు సంచి చూస్తారు. నిన్న ఆ సంచిలో దొరికింది మా ఆవిడ ఇచ్చిన సొరకాయ ముక్క. అది మాదేనని ఫోనులో ధ్రువీకరించే దాకా ఆమె ఎండలో నిలబడింది.

చవక ఇళ్లంటే మాకు కోపమని మాత్రం అనుకోకండి. మహానగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల ధర దాటని ఇంటిని అందుబాటు గృహమని 2019లో కేంద్రం తేల్చి, కట్టుబడిలో ఉండగా కొనేవారికి జీఎస్టీని మిగతా ఇళ్లకు పెట్టిన 5 శాతానికి బదులు 1 శాతం చేసినప్పుడు మేమంతా హర్షించాం. ఆ 45 లక్షలకు తమ లోపల హాలూ, వంటగదీ వస్తాయేమో. పడకగదుల సంగతి వేరే మాట్లాడుకోవాలి. పెద్ద చదువులు చదివి ఉద్యోగంలో చేరిన మా అబ్బాయి కూడా ఆ లెక్క చూసుకుని, మొన్నటి నుంచి ఈ గేటు బయటే ఇల్లు వెతుకుతున్నాడు. అతణ్ని కూడా ఏరియా స్వరూపం మార్చేవాళ్లలో కలుపుతారో లేదో తమరే సెలవివ్వాలి.

స్వరూపం మాటకొస్తే, ఈ నేల మీద జొన్నచేలున్న కాలం నాటి పోచమ్మ గుడి ఒకటి మన క్లబ్‌హౌస్ వెనుక ఇంకా ఉంది. బోనాలప్పుడు ఊరి వాళ్లు డప్పులతో వచ్చి తమ ముందు ఆగారు. బోనమెత్తుకున్న ముసలమ్మను సెక్యూరిటీ అబ్బాయి పేరడిగి, ఫ్లాటు నంబరు గడిలో ఏం రాయాలో తోచక, చివరికి "పోచమ్మ" అని రాశాడు. పావుగంట సేపు తమ తెర మీద ఒకటే మాట వెలుగుతూ ఉంది: "నివాసి అనుమతి కోసం వేచి ఉన్నాం."

ఇట్లు,
కారు స్టిక్కరు గడువు ఈ నెలాఖరుతో తీరిపోనున్న
తమ విధేయుడు