ఏడు శాతం మాట

భావప్రసారంలో మాటల వాటా 7 శాతమేననీ, గొంతు తీరుది 38 శాతమనీ, మిగిలిన 55 శాతం దేహభాషదేననీ సాఫ్ట్ స్కిల్స్ శిక్షకులు మన ఇంజనీరింగ్ కళాశాలల సెమినార్ హాళ్లలో ఏటా ప్రకటిస్తూనే ఉన్నారు. ఈ సత్యాన్ని నిరూపించడానికి వారు పూటంతా మాట్లాడుతూనే ఉంటారన్నది మర్యాదస్తులు ఎత్తిచూపకూడని విషయం.

ఇంతటి శాస్త్రాన్ని విద్యార్థులకే పరిమితం చేయడం అన్యాయం కనుక, ముందుగా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో అమలు చేయాలని ప్రభుత్వానికి నా మనవి. పొలం అమ్మే రైతు తూర్పు హద్దును ఎడమ కనుబొమతోనూ, పడమటి హద్దును కుడి కనుబొమతోనూ తెలియజేసి, ఉత్తరాన ఉన్న డొంకకు ఒక నిట్టూర్పు విడిచి, సర్వే నంబరును గొంతు సవరించుకోవడం ద్వారా సూచిస్తాడు. దస్తావేజు లేఖరి స్టాంపు కాగితం మీద ‘అమ్మకందారు భుజాలు నిటారుగా ఉంచి, చిరునవ్వుతో’ అని రాసుకుంటాడు. సాక్షులిద్దరూ కొనుగోలుదారు కళ్లలోకి సూటిగా చూస్తూ వేలిముద్రలు వేస్తారు. ధర ఎంతన్నది మాటల్లో చెప్పవలసిన అంశం, అంటే 7 శాతంలోది, కనుక దాని కోసం ఎవరూ పట్టుబట్టరు. రేపు గట్టు తగాదా కోర్టుకెక్కితే, ఎవరు చేతులు కట్టుకుని నిలబడ్డారో చూసి న్యాయమూర్తి ఇంజంక్షన్ ఇస్తారు.

ఈ లెక్క లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో సహపరిశోధకులతో వెలువరించిన రెండు అధ్యయనాలను కలిపితే వచ్చినది. విడి మాటలను రకరకాల స్వరాలతో వినిపించి, ఒకదానిలో ముఖాల ఫొటోలు కూడా చూపించి, పలికేవారిలో కనిపించేది ఇష్టమా, అయిష్టమా అని అడిగారు. భావోద్వేగాల గురించో, ఇష్టాయిష్టాల గురించో మాట్లాడేటప్పుడు తప్ప ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పారు. ఆ 55 శాతం కింద కొలిచినది ముఖకవళికలనే; కూర్చునే తీరు, కరచాలనం, టై ముడి ఆ ప్రయోగాల్లో లేనే లేవు. పాపం, ఇదంతా రాయడానికి స్లైడులో చోటు చాలలేదు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మాక్ ఇంటర్వ్యూలో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు వేడెక్కుతుందో, రాగి తీగలో ఎంత శక్తి వృథా పోతుందో, ఇనుప కోరులో ఎంత పోతుందో వరుసగా, తప్పు లేకుండా చెప్పాడు. అతనికి దక్కిన తీర్పు ‘ఐ కాంటాక్ట్ లేదు, కాన్ఫిడెన్స్ లేదు’ అని. చెప్పినది సరైనదేనా అని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఇంట్లోవాళ్లు అప్పు చేసి నాలుగేళ్లు చెప్పించిన చదువును ఏడు పైసలకు దింపే అధికారం మీకెవరిచ్చారు? ఎదుటివాడు చెబుతున్నది అర్థం చేసుకునే ఓపిక లేని మీరు, మాట్లాడడం నేర్పడానికి ఫీజు ఎలా పుచ్చుకుంటున్నారు?

ఇదే శిక్షకులు సందేశం ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా చేరుతుందో వివరిస్తూ గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో గీసిన బొమ్మనూ చూపిస్తారు. అందులో పంపే యంత్రం ఉన్నట్లే అందుకునే యంత్రమూ ఉంది, రొద చేరేది ఆ రెంటి నడుమ మార్గంలో. మనవారి వ్యాఖ్యానంలో మాత్రం రొద ఎప్పుడూ కుర్రవాడి నోట్లోనే పుడుతుంది. అతను జవాబు చెప్పినంతసేపూ బోర్డు సభ్యుల్లో ఒకాయన ఫోన్ చూస్తూనే ఉన్నాడు. ఆయన ఐ కాంటాక్ట్‌కు మార్కులు వేసే గడి ఆ పత్రంలో లేదు.