మహారాజశ్రీ ఫీడ్‌బ్యాక్ ఫారం గారి సముఖమునకు

ఆసుపత్రుల్లో పేషెంట్లనూ వాళ్ళ తాలూకు మనుషులనూ కదిలించి, వాళ్ళు చెప్పింది పరిశోధన కోసం రాసుకోవడమే పనిగా పెట్టుకున్న వాళ్ళం నెల్లూరు నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే కనుక్కోవాల్సిన పని లేదు. ఇక్కణ్ణించి ఒంగోలు దాకా ఏ బిల్లు కౌంటర్ దగ్గర చూసినా తమరు అట్టకు క్లిప్పు పెట్టించుకుని, దారంతో కట్టేసిన పెన్నుతో సహా దర్జాగా ఉన్నారు. తమరి మీద ఐదు బొమ్మ ముఖాలు. చివరిది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. టిక్కులన్నీ దానికే. ఏడుపు ముఖానికి ఇంతవరకూ బోణీ అయినట్టు లేదు.

ముందుగా తమరి ముహూర్తబలానికి జోహార్లు. డిశ్చార్జి రోజే ప్రత్యక్షమవుతారు. కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పీకిన చోట దూది అదుముకుని పేషెంటు బెంచీ మీద కూర్చుని ఉంటాడు. అతని భార్య ఒక చేత్తో చాప, ఫ్లాస్కు, ఇంకో చేత్తో మందుల సంచి పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ ఫిల్ములు ఇంకా అవతలి పక్కే. "ఇది రొంత నింపి ఇవ్వమ్మా, ఫైలు ఇచ్చేస్తాం" అంటారు. ఫైలు చేతికి రాకముందు 'బాగాలేదు' అని రాసేంత ధైర్యవంతుడు ఉదయగిరి కొండల్లోనూ పుట్టలేదు. అమెరికాలో హెచ్‌క్యాప్స్ అని, ఆసుపత్రి అనుభవం ఎలా ఉందో పేషెంట్లను అడిగే సర్వే, తమరి పెద్దన్న ఒకాయన ఉన్నాడు. ఆయన ఆసుపత్రి గుమ్మంలో అడగడు. పేషెంటు ఇల్లు చేరి కనీసం 48 గంటలు గడిచాకే పలకరిస్తాడు, అదీ చీటీలు వేసినట్టు ఎంచినవాళ్ళని. తమరికి అంత ఓపిక ఎక్కడిది? మళ్ళీ పేషెంటు దొరుకుతాడో లేదో!

తమరి ప్రశ్నల నేర్పు ఇంకా గొప్పది. "వైద్యులు, నర్సులు మర్యాదగా, సకాలంలో స్పందించారా?" ఇది ఒక ప్రశ్న కాదు, నాలుగు. డాక్టరు మర్యాదస్తుడే, రౌండ్స్‌కు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. నర్సమ్మ పిలవగానే వచ్చింది, వస్తూ వస్తూ కసిరింది. ఇప్పుడు టిక్కు ఎవరి మీద పెట్టాలి? అర్థం కానివాడు నవ్వు ముఖం మీద పెడతాడు. అక్కణ్ణించి కింది దాకా ఒకటే గీత లాగుతాడు. ఈ గీతరాయుళ్ళను పట్టుకోవడానికి మధ్యలో ఒక ప్రశ్నను తిరగేసి పెట్టడం ఉంది: "రాత్రి పిలిస్తే ఎవరూ రాలేదు" అని. దానికీ 'పూర్తిగా అంగీకరిస్తాను' అని పడితే ఆ కాగితం చదవకుండా నింపిందే. (ఒక్కోసారి నిజంగానే ఎవరూ వచ్చి ఉండరు. అందుకని ఆ ఒక్క ప్రశ్నను చూసి తీర్పు చెప్పకూడదు.) 1932లో రెన్సిస్ లికర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఐదు మెట్ల కొలబద్దను కనిపెట్టినప్పుడు దాన్ని డిశ్చార్జి కౌంటర్‌కు దారంతో కట్టేస్తారని ఊహించి ఉండడు.

తృప్తిగా ఉందా అని కాకుండా ఏం జరిగింది అని అడిగి చూడండి. "నిన్న రాత్రి సెలైన్ అయిపోయిందని ముందు చూసిందెవరు? సిస్టర్ వచ్చేసరికి ఎంతసేపైంది? అప్పటికి ట్యూబులోకి రక్తం ఎక్కిందా?" వీటికి నవ్వు ముఖంతో జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. తృప్తి గురించి అడిగితే "బాగానే చూసుండారు సార్" అన్న మనిషే, జరిగింది చెప్పమంటే గంట మాట్లాడతాడు. ఆ గంటను రాతలో పెట్టడానికి ఆరేడు గంటలు పడుతుంది, అది మా ఖర్మ. అంతా అయ్యి రికార్డర్ ఆపాక అసలు మాట వస్తుంది: "ఇది రాయబాకండి సార్, మళ్ళా ఈడికే రావాల." అందుకే ఆ మాటలు నర్సుల టేబులుకు దూరంగా, వీలైతే ఆవరణలో చెట్టు కింద మాట్లాడుకోవాలి. వేలిముద్ర వేసేవాళ్ళకు సమ్మతి పత్రం చదివి వినిపించాలి, సాక్షి సంతకం ఆ పరిశోధనతో సంబంధం లేని మనిషిది కావాలి. ఆసుపత్రి మనిషే సాక్షిగా పక్కన నిలబడితే చెట్టు కిందైనా "బాగానే చూసుండారు" అనే మాటే.

ఇక అసలు ఫిర్యాదు. ఆసుపత్రిలో రోజంతా వినపడే కేక "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?" ఆ తాలూకు మనిషికి తమరి ఒంటి మీద ఉన్న చోటు ఎంత? కింద మూల 'బంధుత్వం, సంతకం' అని అంగుళం గీత! ఆమె రక్తం శాంపిల్ ల్యాబుకు మోసింది, స్ట్రెచర్ ఒక చివర పట్టింది, రాత్రిళ్ళు మంచం పక్కన చాప మీద సెలైన్ సీసాకు కాపలా కాసింది. ఇంటికెళ్ళాక పని ఇంకా పెరుగుతుంది. పక్షవాతం మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే నడుం కింద పుండు పడుతుంది. రైల్స్ ట్యూబులో (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) జావ పోసేటప్పుడు తల వైపు బాగా ఎత్తి పెట్టాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెస్తుంది. మాత్ర మెత్తగా నూరకపోయినా, తర్వాత మంచినీళ్ళు పోయకపోయినా గొట్టం పూడుకుపోతుంది. యూరిన్ బ్యాగ్ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఇదంతా ఆమెకు నేర్పిందెవరు? చాలాసార్లు పక్క బెడ్డు పేషెంట్ తాలూకు మనిషి. తమరిలో ఆ గురువు పేరు రాసేందుకు గడి లేదు.

ఈ తాలూకు వాళ్ళ భారాన్ని కొలవడానికి కొలత లేక కాదు. జారిట్ ప్రశ్నావళి అని ఉంది: 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88. అది తమరికి దూరపు చుట్టం, దాని తిప్పలు దానివి. మంచాన ఉన్న అత్త వింటుండగా కోడల్ని "ఈమెకు చెయ్యడం వల్ల మీకంటూ ఏకాంతం లేకుండా పోయిందా?" అని అడిగితే "అత్తకి చేసుకోవడం భారమేందండీ" అంటుంది. సున్నా వేసుకుని లేచి రావడమే. పెరట్లో బట్టలు ఆరేసేటప్పుడు అదే ప్రశ్న అడిగితే లెక్క మారుతుంది. భారం మాటెత్తకుండా "రాత్రి ఎన్నిసార్లు లేచారు? నిన్న మీరు అన్నం తినేసరికి టైమెంత?" అని అడిగితే ఇంకా త్వరగా తేలుతుంది. డయాలసిస్ పేషెంట్ తాలూకు వాళ్ళను కూలి గురించి అడగాలి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద, రానూ పోనూ బస్సు. కనిగిరి వైపు ఏ పల్లె నుంచో వచ్చే కుటుంబానికి అవి ఇద్దరి కూలీ పోయే రోజులు.

ఇంతకీ తమరికి 'బాగాలేదు' అని ఎందుకు పడదో తెలుసా? అలా చెప్పేవాళ్ళు తమరి కౌంటర్ వైపు రారు. విసిగి, డాక్టరు వద్దన్నా సంతకం పెట్టి వెళ్ళిపోయిన వాళ్ళు వేరే రిజిస్టర్లో ఉంటారు. చెన్నైకి రాసేసిన కేసు అంబులెన్సులో తడ దాటేసి ఉంటుంది. చనిపోయిన మనిషి ఇంటివాళ్ళకు తమర్ని ఇచ్చేంత సాహసం ఎవరికీ లేదు. మిగిలిన వాళ్ళలో నూటికి తొంభై అంటూ గోడకు చార్టు కడతారు. ఫోన్ చేసి కనుక్కుందామన్నా చిక్కే. కేంద్ర ప్రభుత్వం 2016లో 'మేరా అస్పతాల్' అని మెసేజీలతో, ఫోన్లతో అడిగే ఏర్పాటు చేసింది. ఆలోచన మంచిదే. కానీ ఓపీ చీటీలో రాయించిన నంబరు బెంగుళూరులో ఉన్న కొడుకుదో, వెంట తీసుకొచ్చిన ఆర్‌ఎంపీదో అయితే, మంచం మీద పడుకున్నది ఒకరు, మార్కులు వేసేది ఇంకొకరు.

మా ఊళ్ళో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూశారా? ఆరోగ్య రొట్టె పట్టుకున్న మనిషి, కోరిక తీరితే మళ్ళీ ఏడు వచ్చి అదే రకం రొట్టె ఇంకొకరికి ఇస్తాడు. ఏమడిగాడో, ఏమైందో కనీసం చెరువు గట్టుకు తెలుస్తుంది. తమరు మాత్రం తనిఖీ వాళ్ళు వచ్చే ముందు రోజు కట్టల్లోంచి బయటికొస్తారు. ఒక్కోసారి ముప్పై మంది పేషెంట్లు ఒకే సిరాతో, ఒకే చేతివాటంతో, ఒకే టిక్కుతో తృప్తి పడి ఉంటారు. ఏం ఐకమత్యం!

కాబట్టి మా విన్నపం ఇదీ. డిశ్చార్జి కౌంటర్ ఖాళీ చేసి, మనిషి ఇల్లు చేరిన వారం తర్వాత వెళ్ళండి. పేషెంటుకు ఒక కాగితం, తాలూకు మనిషికి వేరే కాగితం పట్టుకెళ్ళండి. ఒక ప్రశ్నలో ఒకటే అడగండి. ఏ మందు ఆపాలో, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, మళ్ళీ చూపించుకోవడానికి ఎప్పుడు రావాలో చెప్పారా అని అడిగి, ఏం చెప్పారో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. ఇవన్నీ కుదరవంటే కనీసం ఆ పెన్నుకు దారం విప్పించండి, రెండో వరుస దాకా అందడం లేదు.

ఇట్లు,
పేషెంట్ల తాలూకు వాళ్ళ తాలూకు వాళ్ళం